పలికెడు పెట్టెలు – వెలయు, విలువయు

నేటి ప్రసంగమునకు విషయము యుద్ధములు గావు, రాజవంశములును గావు. మన యిండ్లలో నొక మూల గూర్చుండి పలికెడు పెట్టెల చరిత్రమును గూర్చి కొన్ని మాటలు విన్నవింపదలచినాను. గ్రామఫోను, రేడియో, టెలివిజను, నేటి స్పీకరు – ఇవి యన్నియు నొక తల్లి బిడ్డలు. వీనిలో తమ పని తాము చేసి యూరకుండునవి కొన్ని. పనితోపాటు కంటికి నింపుగా నుండుటకై పదిరెట్లు, ఇరువదిరెట్లు వెల పెట్టించునవి కొన్ని. ఈ రెండవ తెగవానికి ధనము వెచ్చించుట వివేకమా, వ్యామోహమా యనునది ప్రశ్న. ప్రశ్న చిన్నదే. కాని యది మా యింటికే వచ్చి కూర్చుండినందున దానిని దాటిపోవుటకు నాకు వీలు లేకపోయినది.

నేను అల్వాలు నివాసిని. ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడనై బాలురకు పాఠములు చెప్పి, పని విరమించి, చెరువునకు సమీపమున గాలము గడపుచున్నాను. నా ధర్మపత్నికి నీటికాసుల వ్యాధిచేత చూపు క్రమక్రమముగా సన్నగిల్లి, ఇప్పుడు వెలుతురు చీకటుల భేదము మాత్రమే తెలియుచున్నది. ప్రతిదినము భాగవతము చదువుకొనుచుండిన యామెకు నేడు వినుట యొక్కటే కాలక్షేపము. ఇది చూచి, మాదాపూరులో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్న నా మేనల్లు డొకనాడు వచ్చి, "మామయ్యా, అత్తయ్యకు మంచి స్పీకరు కొనండి. పాడేవారు ఎదుట కూర్చుండి పాడినట్లే ఉంటుంది" అని తన ఫోనులో నొక బొమ్మ చూపెను. నునుపైన కొయ్య, ముందువైపు నేతగుడ్డ, చుట్టును వెండివన్నె లోహపుటంచు. వెల మూడు లక్షల రూపాయలు!

అప్పు డచ్చటనే యున్న మా పొరుగింటి పెద్దమనిషి, రైల్వేలో బనిచేసి విరమించినవాడు, ముక్కుమీద వ్రేలు వైచికొని, "మూడు లక్షలా! పంతులుగారూ, ఆ సొమ్ముతో ఒక పేదపిల్లవాని కాలేజీ చదువు గట్టెక్కుతుంది. పాట పెట్టెలో ఉన్నదా, పెట్టెకు వేసిన కొయ్యలో ఉన్నదా?" అని యడిగెను. నాకును ఆయన మాటయే న్యాయముగా దోచి "వలదు" అంటిని. మా యింటి యిల్లాలు మాత్ర మేమియు ననలేదు. ఆ మౌనము నాకు ముల్లువలె నాటినది. ఏలయన, అటువంటి "వలదు" నేను నలువదేండ్ల క్రిందట నొకమా రామెతో ననియుంటిని. ఆ కథ పిమ్మట జెప్పెదను. ముందుగా చరిత్రమును విచారింతము. పెద్దమనిషి యడిగిన ప్రశ్నకు సమాధానము కోపమునందు దొరకదు. పూర్వు లేమి చేసిరో చూచినచో గొంతవరకు దొరకును.

ధనవంతుల గృహములలో యంత్రమే యలంకారమగుట మన నగరమునకు గ్రొత్త కాదు. పైగా వంశీయుడగు నవాబు వికారుల్ ఉమ్రా 1884లో ఫలక్‌నుమా సౌధమును ప్రారంభించెను. నూటయొక్క మంది యొక్క బంతిని గూర్చుండి భుజింపదగిన బల్లయు, బృహత్తరమగు ఆర్గను వాద్యమును, సౌధమందలి దీపముల నన్నిటిని వెలిగించుటకు మీటలు వరుసలుగా దీర్చిన పెద్ద విద్యుత్పలకయు నందు జూపరుల కాశ్చర్యము గొలుపుచుండును. ఆ సౌధ నిర్మాణము నవాబుగారిని ఋణభారమున ముంచినదని చెప్పుదురు. 1897లో నది యాఱవ నిజాము మహబూబ్ అలీఖాను వశమైనది. 2010లో హోటలుగా మారినది. దీపము వెలిగించు మీట సయితము దర్శనీయ వస్తువగుట యొక వింత. ఆ వింతకై గృహస్థు గృహమునే కోల్పోవుట మఱియొక వింత. మొదటి పాఠ మిది: అప్పుచేసి తెచ్చిన సౌందర్యము ఇంటివానికి దక్కదు.

ఇందులకు బ్రతిగా రెండవ దృష్టాంతము మూసీయొడ్డున నున్నది. సాలార్‌జంగ్ మ్యూజియములోని సంగీతపు గడియారమును జూడని పిల్లవాడు మన ప్రాంతమున నరుదు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వారి పేరు గల ఆ గడియారమున గంట కొట్టువేళకు గడ్డముగల చిన్న పురుషు డొకడు తలుపు తెరచుకొని వచ్చి, గంటలు వాయించి, మరల లోనికి బోవును. దానిని సేకరించిన మూడవ సాలార్‌జంగు నవాబు మీర్ యూసుఫ్ అలీఖాను 1949లో మరణించెను. ఆయన సేకరించిన వస్తుసముదాయము 1951 డిసెంబరు 16వ తేదీని నెహ్రూ పండితునిచే బ్రజలకు దెరవబడెను. 1968లో నిప్పటి భవనమునకు జేరెను. బడిపిల్లలను వెంటబెట్టుకొని నే నెన్నిమారులో యచ్చటికి బోయితిని. గంట కొట్టుటకు బది నిమిషముల ముందే జనము నేలమీద గూర్చుండి, ఊపిరి బిగబట్టి యెదురు చూచుట కన్నులారా గంటిని. ఒక ప్రభువు ముచ్చటపడి కొన్న వస్తువు వేలమంది కానందమైనది. కావున విలాసవస్తు వన్నంతమాత్రమున దానిని దూషింపరాదు. అది యెవరికొఱకు బలుకుచున్నదో చూడవలెను.

ఇక పలికెడు పెట్టెల కథకు వత్తము. 1887లో బెర్లినరు అను నాతడు బిళ్లమీద శబ్దమును నిలుపు గ్రామఫోనును గనిపెట్టెను. మొదట దాని బాకా పెద్ద ఉమ్మెత్తపూవువలె గదిలోనికి జాచుకొని యుండెడిది. దుమ్ము పట్టును, కాలికి దగులును, కుర్చీల నడుమ నందముగా నుండదు. 1906లో అమెరికాలోని విక్టరు కంపెనీవారు బాకాను క్రిందికి వంచి, పెట్టెలోపల దాచి, ముందు తలుపు లమర్చి, "విక్ట్రోలా" యను పేరున నమ్మిరి. వెల 200 డాలర్లు. రెండేండ్లకు వచ్చిన ఫోర్డు మోటారుబండి వెల 850 డాలర్లు. అనగా నాలుగు పెట్టెలకు నించుమించుగా నొక బండి! ఐనను జనులు కొనిరి. పెట్టె తలుపులు కొంచెము మూసినచో శబ్దము తగ్గును, తెరచినచో హెచ్చును. కావున నా తలుపు లందమునకు మాత్రమే కావు, పనికిని వచ్చినవి. యంత్రము గృహోపకరణమై, బల్లలకు బీరువాలకు దమ్ముడైనది.

మనదేశమున 1902లో గైస్‌బర్గు కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ మొదలగువారి పాటలను బట్టెను. 1908లో నచ్చటనే బిళ్లలుచేయు కర్మాగారము వెలసెను. పిమ్మట తెలుగు నాటకముల పద్యములు పల్లెపల్లెకు బ్రాకెను. గ్రామఫోనుగల యిల్లు గొప్పయిల్లు. కాని కీ ఇచ్చి తిప్పినంతనే ఆ పద్యము గోడ దాటి, వీధి యరుగుపై గూర్చున్న కూలివాని చెవికిని జేరెడిది. పెట్టె యొకనిది, పాట పదిమందిది.

రేడియో వచ్చిన తీరును అట్టిదే. మద్రాసులో 1924లో కృష్ణస్వామి చెట్టిగారి పూనికతో రేడియో సంఘ మేర్పడెను. 1927 జులై 23వ తేదీని బొంబాయిలో క్రమమైన ప్రసారము మొదలయ్యెను. హైదరాబాదులో మహబూబ్ అలీ యనునాయన స్వయముగా నొక చిన్న కేంద్రమును నెలకొల్పగా, 1935లో దానిని నిజాము ప్రభుత్వము చేపట్టినది. అదియే దక్కను రేడియో. ఉర్దూకు ప్రాధాన్య మున్నను తెలుగు, మరాఠీ, కన్నడములు సయిత మందు వినబడుచుండెడివి. 1938లో మద్రాసు కేంద్రమును, 1948లో విజయవాడ కేంద్రమును తెలుగువారి కబ్బినవి. 1950 ఏప్రిలు 1న దక్కను రేడియో ఆకాశవాణిలో గలిసినది.

నా బాల్యమున, అనగా 1960 దాటిన పిమ్మట, మా తండ్రిగారు వాల్వుల రేడియో నొకటి కొనిరి. దానికి లైసెన్సు పుస్తకము. ఏటేట తపాలా కచేరికి బోయి రుసుము చెల్లించి ముద్ర వేయించుకొనవలెను. ఆ పద్ధతి 1980వ దశకమున రద్దయినది. మెరుగుపెట్టిన కొయ్యపెట్టె, బంగారువన్నె గుడ్డ, కేంద్రము సరిగా గలిసినప్పుడు ముడుచుకొను నాకుపచ్చని దీపపు గన్ను. మా అమ్మ దానిపై తాను అల్లిన లేసుగుడ్డ కప్పెడిది. సాయంకాలము వార్తలవేళకు అరుగు నిండెడిది. వాల్వు పోయినచో సికింద్రాబాదులో దొరకెడిది. బాగుచేయువాడు మూతవిప్పి, ఏది చెడినదో వేలు పెట్టి చూపెడివాడు. అందము, పని, మరమ్మతు – ఈ మూడును నొక్కచో నుండుట నేను మొదట జూచినది ఆ పెట్టెయందే.

ఇప్పుడు దృష్టిని పశ్చిమమునకు ద్రిప్పుదము. 1934లో నింగ్లండునందు వెల్స్ కోట్స్ అను శిల్పి ఎక్కో కంపెనీకై గుండ్రని రేడియోను గల్పించెను. అంతకుముందు రేడియోలు చర్చి కిటికీలవలెను, బీరువాలవలెను వేషము వేసికొనెడివి. ఈతడు బేకలైటుతో జేసి, లోపలి స్పీకరు గుండ్రనిది గనుక పెట్టెయు గుండ్రనిదే కావలెనని నిశ్చయించెను. యంత్రము తన స్వరూపముతో దాను నిలిచినది.

దానికి నొక్క సంవత్సరము ముందు, 1933లో, జర్మనీలో నాజీ ప్రభుత్వము "ప్రజల రేడియో" యను పేరున 76 మార్కులకు మిక్కిలి చౌకైన పెట్టెను జేయించినది. హిట్లరు అధికారమునకు వచ్చిన జనవరి 30వ తేదీకి గుర్తుగా దానికి 301 అను సంఖ్య పెట్టిరి. నిరాడంబరము, పటిష్ఠము, పేదవానికి నందినది. చూచుటకును బాగుగానే యున్నది. కాని యది యింటింటికి జేరినది ప్రభుత్వము చెప్పునదియే వినబడుటకు. 1939లో యుద్ధము మొదలైన పిమ్మట పరదేశపు కేంద్రములు వినుట నేరమైనది. చౌకదన మొక్కటే సద్గుణమని నమ్మియుండిన నన్ను ఈ కథ యాలోచింపజేసినది. వెల తక్కువైనంత మాత్రమున వస్తువు పుణ్యాత్మ కాదు. వెల యెక్కువైనంత మాత్రమున పాపాత్మయు గాదు.

1956లో జర్మనీలోనే బ్రౌను కంపెనీకి డీటర్ రామ్స్, హాన్స్ గుగెలో అను నిరువురు రేడియోయు గ్రామఫోనును గలిసిన పెట్టెను గల్పించిరి. దాని మూత పారదర్శకము. జనులు పరిహాసముగా దానిని కథలోని రాజకుమారి శవపేటిక యనిరి. ఐన నా మూత గాజువలె నుండుటకు గారణము సొగసు మాత్రమే కాదు: మొదట లోహపు మూత పెట్టగా, శబ్దము హెచ్చినప్పుడు గలగలలాడినది. ఆ దోషము వారించుటకు బెట్టిన మూతయే యందమైనది.

డెన్మార్కులోని స్ట్రూయరు పట్టణమున 1925లో బ్యాంగు, ఓలుఫ్‌సెను అను యువకులిరువురు ప్రారంభించిన సంస్థ నేటికిని వెలగల వస్తువులకు బ్రసిద్ధము. 1972లో జేకబ్ జెన్సను వారికై గల్పించిన గ్రామఫోనులో సూదిని మోయు చేయి విల్లువలె దిరుగక, తిన్నగా లోనికి జరుగును. బిళ్లపై గాడిని జెక్కిన సాధనము తిన్నగానే నడచును గనుక, చదువు సాధనమును అట్లే నడువవలెనని తాత్పర్యము. న్యూయార్కు నగరమందలి ఆధునిక కళాశాలలో దానిని శిల్పములవలె నుంచిరి. వెల విని నవ్వువా డా తిన్ననైన నడకను జూచినచో గొంత నెమ్మదించును.

మనవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మా అల్వాలునకు దూరము కాని చర్లపల్లి వైపున 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను, అనగా ఇ.సి.ఐ.ఎల్., స్థాపితమైనది. దానికి మూలపురుషుడు పశ్చిమగోదావరి జిల్లావాడగు అయ్యగారి సాంబశివరావుగారు. ఆయన పేరనే నేటి ఏ.ఎస్.రావు నగరము వెలసినది. 1975 ఆగస్టు 1 మొదలు ఒక యేడాది ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో నించుమించుగా 2,400 గ్రామములకు టెలివిజను చూపిన ప్రయోగమునకు పెట్టెలు చేసినది ఈ సంస్థయే. ఆ పెట్టెలకు వెండియంచులు లేవు. దుమ్ము, ఎండ, హెచ్చుతగ్గుల కరెంటు – వీనిని సహించుటయే వాని సొగసు. మూడు మీటర్ల వెడల్పుగల వలతీగె గొడుగు ఆకాశమునుండి బొమ్మను బట్టి తెచ్చెడిది. కోళ్లగూటికి గట్టు తీగెవల యది! చూచినవారు నవ్విరేమో కాని, బొమ్మ కనబడగానే ఊరంతయు గుమిగూడినది.

కాశ్మీరమున పదునొకండవ శతాబ్దియందు క్షేమేంద్రుడు ఔచిత్యమును గూర్చి ప్రత్యేక గ్రంథమే రచించి, కావ్యమునకు స్థిరమైన ప్రాణ మదియే యని సిద్ధాంతీకరించెను. ఏది యెచ్చట దగునో యచ్చట నుండుటయే యౌచిత్యము. ఆ కొలతతో జూచినచో డెన్మార్కు గ్రామఫోనునకును, చర్లపల్లి టెలివిజనుకును భేదము వెలలోనే కాని, తత్త్వములో లేదు. రెండును దమ తావున దగియున్నవి.

ఇక నా కథ. 1984లో, రంగుల టెలివిజను దేశమునకు వచ్చిన రెండేండ్లకు, మా యింట నొక పెట్టె కొనదలచితిమి. నా భార్య కొట్టులో, రెండు వైపులకు జరిగెడు కొయ్యతలుపులుగల పెట్టెను జూచి ముచ్చటపడినది. "ఏమండీ, ఇది చూడండి. మూసి ఉంచితే మన అమ్మగారి భోషాణంలా ఉంటుంది. పిల్లలు చదువుకునేటప్పుడు మూసెయ్యవచ్చు" అన్నది. వెల కొంత హెచ్చు. నేను, బడిపంతులు నీతితో, "కొయ్యతలుపుల కిన్ని రూపాయలా? వలదు" అని తక్కువవెల పెట్టెను దెచ్చితిని. అది మూడేండ్లకే మూలబడినది. కాని నా విచారము దానికి గాదు. పిల్లలు చదువుకొనువేళ పెట్టె మూయవచ్చునన్న యామె మాటలో నెంత యుపయోగ మున్నదో నాకు దోచలేదు. నేను తలుపులో డంబమును జూచితిని. ఆమె తలుపులో తలుపునే చూచినది.

ఈ తలంపుతో మేనల్లుని బిలిచి, "పద, కొట్టుకు బోదము, అత్తయ్యయు వచ్చును" అంటిని. కొట్టులో మూడు లక్షల పెట్టె నామె ముందుంచిరి. శబ్దము గంధర్వగానమే. ఆమె వ్రేళ్లతో కొయ్యను, గుడ్డను దడవి, "ఎంత మెత్తగా ఉన్నది!" అన్నది. పిమ్మట, "దీని శబ్దం తగ్గించేది ఎక్కడ?" అని యడిగినది. పైన నున్నది గాజుపలక. తాకినచోట వెలుగు కనబడును. ఆ వెలుగు చూపుగలవారికే. ఆమె వ్రేలు నునుపైన గాజుమీద నటునిటు తిరిగి, యేమియు దొరకక, వెనుకకు వచ్చినది. మేనల్లుడు తలవంచుకొనెను.

వాడే మఱియొక మాట యొప్పుకొనెను. ఎనిమిదేండ్ల క్రిందట వాడు కొన్న ఖరీదైన పెట్టె యొకటి కొయ్య చెక్కుచెదరకయే మూగవోయినదట. చేసినవారు దానిని నడుపు సాఫ్ట్‌వేరును నిలిపివేసిరి. బాగుచేయువాడు మూత విప్పినను నయముకాదు. ప్రాణము లేని దేహమునకు నగలు శోభింపవని మన యాలంకారికు లన్నది ఇట్టి పెట్టెకే తగును. మా తండ్రిగారి రేడియో వాల్వు మార్చినచో నేటికిని గొణుగుచున్నది.

తుద కామె తానే యొకదానిని వెదకికొన్నది. కొయ్యపెట్టె, ముందువైపు పెద్ద గుండ్రని మర యొకటి, త్రిప్పినప్పుడు టిక్కుటిక్కుమని వ్రేలికి దెలియును. రేడియోయు, పెన్‌డ్రైవులోని పాటయు రెండును బలుకును. వెల మూడు లక్షలు గాదు, ముప్పదివేలు. అదియు మాకు దక్కువ సొమ్ము గాదు. పొరుగింటి పెద్దమనిషి మాటయు విడువలేదు. మిగిలిన సొమ్ములో గొంత మా పాతబడిలో నొక బాలిక పైచదువునకు గట్టితిని. ఇది చేసినందువలన నా కొనుగోలు పుణ్యమైనదని నే ననను. రెండును వేర్వేరు ధర్మములు. ఒకదానిని జూపి మఱియొకదానిని మానుట మాత్రము సోమరితనము.

శ్రోతలారా! ఇంత చరిత్రము చూచిన పిమ్మట నాకు దోచినది చెప్పి విరమించెదను. వెలగల పెట్టె మీ ముందునకు వచ్చినప్పుడు మూడు ప్రశ్న లడుగుడు. దీని యందము దీని పనినుండి పుట్టినదా, పైన బూసినదా? చెడినచో మన యూరిలో విప్పి బాగుచేయువాడు కలడా? దీని ముందు గూర్చుండబోవువారి కది వశమగునా? ఈ మూటికిని నవునని సమాధానము వచ్చి, అప్పు చేయవలసిన పని లేకున్నచో, వెలకు వెఱవవలదు. ఒక్కటి కాదన్నను, అది యుచితముగా వచ్చినను వలదు.

పాట పెట్టెలో నున్నదా, కొయ్యలో నున్నదా యని పెద్దమనిషి యడిగెను గదా. ఉదయమున మా యింటిలో నా మర టిక్కుమని తిరిగినప్పుడు, ఆయన గోడ కావలినుండి, "పంతులుగారూ, కొంచెం పెద్దగా పెట్టమనండి" అని కేక వేయుచున్నాడు. ఆమె త్రిప్పుచున్నది. సెలవు.